ముసురులో ఆరేసిన తెల్లచీర

మొన్న ఆదివారం మా మనవరాలి తెల్లకోటు మీద పప్పుచారు ఒలికింది. కాలేజీలో ప్రయోగాల గదికి వేసుకుపోయే కోటు అది. పిల్ల వెంటనే సబ్బు పెట్టి రుద్దింది. పచ్చటి మరక చూస్తుండగానే ఎర్రబడింది. భయపడి ఫోన్ తీసి, అందులో ఎవరో చెప్తున్నది వింటూ, బ్లీచింగ్ పొడి డబ్బా చేతపట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"నానమ్మా, గిది పోస్తె పోతదట."

"పోతది. దానెంబడి కోటు గూడ పోతది. ఆ డబ్బా అక్కడ పెట్టు. కుంకుడుకాయలున్నయా ఇంట్ల?"

ముందు నిమ్మకాయ పిండితే ఎరుపు పోయి మళ్ళీ పసుపు రంగు వచ్చింది. తర్వాత కుంకుడు రసంతో చన్నీళ్ళలో ఉతికి, పిండకుండా తడిబట్టనే డాబా మీద పరిపించాను. ఆరినప్పుడల్లా నీళ్ళు చల్లమన్నాను. సాయంత్రానికి మరక లేదు.

"గిదెవలు నేర్పిండ్రు నీకు?" అని అడిగింది.

మా అమ్మమ్మ అన్నాను. కానీ అమ్మమ్మ నాకు నేర్పాలని నేర్పలేదు. అంత కోపంలో ఉన్న మనిషి ఎవరికేం నేర్పుతుంది? పిల్లకు చెప్పడం మొదలుపెడితే మధ్యలో దానికి ఫోన్ వచ్చింది. అందుకని రాస్తున్నాను. యాభై దాటాక వయోజనుల బడిలో నేర్చుకున్న చదువు నాది. జరిగింది జరిగినట్టు రాయడమే వచ్చు.

మేము బట్టలు ఉతికేవాళ్ళం. బొగ్గుబాయి క్వార్టర్లకు అవతల, వాగు ఒడ్డున మా గుడిసె ఉండేది. బాపు, అంటే మా నాన్న, ఆ బొగ్గుగని పనిలో చేరాడు. అవ్వ అని మేము పిలిచే మా అమ్మ, అమ్మమ్మ బట్టలు ఉతికే రేవు చూసుకునేవారు. అమ్మమ్మకు మగపిల్లలు లేరు, ఇద్దరూ ఆడపిల్లలే. అందుకని పెద్దబిడ్డ అయిన మా అవ్వ దగ్గరే ఉండేది.

బాయిలోంచి తోడిపోసిన నీళ్ళు ఒక కాలువలా వచ్చి మా వాగులో కలిసేవి. ఆ నీళ్ళలో తెల్లబట్ట ముంచితే తుప్పురంగు పట్టేది. అందుకని కాలువ కలిసే చోటికి ఎగువన తెల్లబట్టలు, దిగువన రంగుబట్టలు. గాలి బొగ్గు గుట్టల మీదుగా వస్తే ఆ రోజు తెల్లవి ఆరేసేవాళ్ళం కాదు. పొద్దున లేవగానే అమ్మమ్మ నోట్లో వేలు పెట్టుకుని తడిపి, పైకి ఎత్తి గాలి చూసేది. ఆమె "ఇయ్యాల రంగులే" అంటే ఇక మారుమాట లేదు.

పెద్ద బానలో, సబ్బులా మురికి తీసే సౌడు మన్ను కలిపిన నీళ్ళు పోసి, దాని మీద బట్టలు చుట్టలు చుట్టి పేర్చి, కింద మంట పెట్టి ఆవిరికి ఉడకనిచ్చేవారు. దాన్ని ఉబ్బ పెట్టడం అంటారు. ఆ ఆవిరికి తడిమన్ను, చెమట, పుల్లల పొగ అన్నీ కలిసిన ఒక వాసన. ఇప్పుడు ఎక్కడా రాదు ఆ వాసన. వానకాలం చివర మక్కకంకులు వచ్చినప్పుడు మేము పిల్లలం ఆ నిప్పుల్లోనే కాల్చుకునేవాళ్ళం. బట్టలకు పొగ పడుతుందని అమ్మమ్మ తిట్టేది. తిడుతూనే తనకూ ఒకటి కాల్చమనేది. పళ్ళు సరిగా లేవు, గింజలు ఒలిచి ఒక్కొక్కటే చప్పరించేది.

ఇంకొక సరదా ఉండేది మాకు. ఇంజనీరు దొర బిడ్డ గౌన్లు ఉతకడానికి వచ్చేవి. ఇస్త్రీ కాకముందే ఒకటి తొడుక్కుని వాగులో నీడ చూసుకునేదాన్ని. ఒకసారి అమ్మమ్మ చూసింది. కొట్టలేదు. "ఇప్పు. ఎవలి చెమట వాసన వాళ్ళకే బాగుంటది," అన్నది. అప్పట్నించి తొడుక్కోవాలంటే నాకే మనసు రాలేదు.

ఉబ్బకు ముందు అమ్మమ్మ ప్రతి తెల్లబట్టనూ విప్పి వెలుతురుకు పట్టి చూసేది. బొగ్గు మసి ఉంటే తడపకముందే దులిపించేది, తడిస్తే లోపలికి దిగుతుందని. రక్తం మరకకు వేడినీళ్ళు తాకనిచ్చేది కాదు, ఉప్పు వేసిన చన్నీళ్ళే. తుప్పుకు నిమ్మకాయ, ఉప్పు. తమలపాకు మరకకు పుల్లటి పెరుగు. పసుపు ఉంటే ఆ బట్టను విడిగా పడేసి "గిది ఎండకు" అనేది. పసుపుకు సౌడు తాకితే ఎర్రగా తిరుగుతుంది. సబ్బు తాకినా అంతే.

ఇక చిన్నమ్మ సంగతి.

చిన్నమ్మ అంటే అవ్వకు చెల్లె. ఆమె భర్త బొంబాయిలో మిల్లు పనికని పోయాడు. మొదట్లో ఊరివాళ్ళతో కబురు పంపేవాడు. తర్వాత అదీ లేదు. అత్తగారింట్లో ఉండలేక మా దగ్గరికి వచ్చింది. బాపు ఆమెను ఒక్క మాట కూడా అనేవాడు కాదు. ఆయన ఏమీ అనకపోవడమే ఆమెకు కష్టంగా ఉండేది. అన్నం దగ్గర కూర్చుంటే సగం తిని లేచిపోయేది.

బొగ్గుబాయి కంపెనీ దవాఖానలో ఆయా పని ఖాళీ అయింది. మేము బట్టలు ఉతికే ఇంటి సిస్టరమ్మ ఒకామె చిన్నమ్మ పేరు చెప్పింది. పెద్ద సిస్టరమ్మ చిన్నమ్మను పిలిపించి, చేతులు, గోళ్ళు చూసి, ఒక సాదా తెల్లచీర ఇచ్చింది. అంచు కూడా లేదు దానికి. సోమవారం పొద్దున ఆ చీరలో మరక లేకుండా రావాలి, రోగుల దగ్గర పని కాబట్టి శుభ్రమే మొదటి పరీక్ష, రాకపోతే ఇంకొకామె సిద్ధంగా ఉంది అని చెప్పింది. రెండో చీర పనిలో చేరాకే.

చిన్నమ్మ శుక్రవారం ఆ చీర తెచ్చి పెట్టె మీద పెట్టి, ఉతికిన బట్టలు ఇవ్వడానికి క్వార్టర్లకు పోయింది. ఆమె నడక కూడా మారింది ఆ రోజు.

కొత్తబట్ట ఏదైనా కట్టుకునే ముందు కొసకు ఇంత పసుపు పెట్టడం అందరికీ ఉన్నదే. అమ్మమ్మ కొమ్ము అరగదీసి పసుపు తీసింది. నాలుగు కొసలకూ పెట్టింది. అంతటితో ఆగలేదు. చీర మడత విప్పి, అరచేతికి నిండా పూసుకుని, నట్టనడుమ ఐదు వేళ్ళూ ఆనించి అద్దింది. నేను పక్కనే ఉన్నాను. అంత పెద్ద పసుపు ఎప్పుడూ చూడలేదు కాబట్టి బాగుందనే అనుకున్నాను.

చిన్నమ్మ వచ్చి చీర చూసింది.

"అవ్వా! గిదేంది? ఎవలు జేసిండ్రు?"

"నేనే పెట్టిన."

"కొసకు జరంత పెడితె సాలదా? గింత చెయ్యి అద్దుతవా?"

"సాలది. తల్లిగారింట్ల తెల్లచీర ఎప్పుడు కట్టిస్తరో ఎరుకేనా? మొగడు సచ్చినంక. నీ మొగడు సచ్చిండా?"

"నాకేమెరుక!"

"గట్లనకు, నోట్లె మన్ను బడ. ఉన్నడనే పసుపు పెట్టిన."

మాలో భర్త పోతే దినాల్లో తల్లిగారే తెల్లచీర తెచ్చి కట్టిస్తారు. అమ్మమ్మ మాట్లాడింది దాని గురించి. అవ్వ మధ్యలో వచ్చింది. "అది దవాఖాన చీర అవ్వా. సిస్టరమ్మలందరు కడ్తలేరా? వాళ్ళందరి మొగండ్లు సచ్చిండ్రా?"

"వాళ్ళ ముచ్చట నాకెందుకు? నేను బతికుండంగ నా బిడ్డె తెల్లచీరల ఈ గడప దాటది. పసుపుంటె దాటుతది."

"పసుపుంటె వాళ్ళు నౌకరి ఇయ్యరు!" అని చిన్నమ్మ అరిచింది.

"ఇయ్యకుంటె రేవు లేదా? నీ చేతులకేమైంది?"

ఎండ ఉండి ఉంటే ఇంత గొడవ లేదు. పసుపు ఎండకు ఒక్క పూటలో పోతుంది. కానీ అది పెద్ద ముసురు. సూర్యుడు కనపడి చాలా రోజులయింది. అవ్వ, చిన్నమ్మ చీరను కుంకుడు రసంతో ఉతికారు. కొంచెం పాలిపోయింది కానీ చెయ్యి చెయ్యిలాగే ఉంది. బయట గడ్డి మీద పరిచారు. చినుకు పడగానే ఇద్దరూ పరుగెత్తి లోపలికి తెచ్చి, దండెం మీద వేశారు. చినుకు ఆగితే మళ్ళీ బయటికి. మళ్ళీ చినుకు, మళ్ళీ లోపలికి. శనివారం అంతా అదే పని.

అమ్మమ్మ మూలన కూర్చుని చూస్తూ ఉంది.

"నువ్వన్న జెప్పరాదే అవ్వా," అని అవ్వ బతిమాలింది. "ఊరందరి మరకలు దీస్తవ్. గీ ఒక్కదానికి రావాయె?"

"పెట్టిన చెయ్యితోని తియ్య."

రాత్రి అన్నాల దగ్గర బాపు వాతావరణం తేలిక చేద్దామని, "గట్లనే కట్టుకపో మరదలా. ఆ చెయ్యి జూసి అమ్మోరు వచ్చిందనుకుని రోగులందరు లేచి మొక్కుతరు," అన్నాడు. నాకు నవ్వొచ్చింది. చిన్నమ్మ కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయింది.

ఆదివారం తెల్లారగానే చిన్నమ్మ ఎక్కడికో పోయి వచ్చింది. కాగితం పొట్లంలో బ్లీచింగ్ పొడి. క్వార్టర్ల నీళ్ళ ట్యాంకులో వేసేవాడిని అడిగి తెచ్చుకుంది. మా రేవులో అది ఎవరూ వాడేవారు కాదు. చిన్న గిన్నెలో కలిపి చీర ఒక కొసను ముంచింది. రెప్ప కొట్టేలోపు పసుపు మాయమైంది. చిన్నమ్మ ముఖం వెలిగిపోయింది.

"జూసినవా పిల్లా? పోయింది!"

ఇంకాసేపు ఉంచుదామని ఉంచింది. పొడి కూడా ఇంకొంచెం వేసింది. తర్వాత కొస తీసి పిండితే ఆమె బొటనవేలు బట్టలోంచి ఇవతలికి వచ్చింది. చప్పుడు కూడా కాలేదు. తడిసిన కాగితంలా విడిపోయింది.

అమ్మమ్మకు వాసన తగిలింది. లోపల్నుంచి లేచి వచ్చి, చిన్నమ్మ చేతిలో కొస లాక్కుని వాసన చూసింది.

"మందు పెట్టినవా?"

చిన్నమ్మ గిన్నెను వెనక్కి జరిపింది.

"దొంగముండ, బట్ట నీకేం పాపం జేసిందే?"

"నేనేం పాపం జేసిన్నని పసుపు బూసినవ్?" అన్నది చిన్నమ్మ. అరవలేదు. మామూలుగా అడిగినట్టే అడిగింది. "రేపు గిది గూడ పోతె నేనేడికి పోవాలె? అక్క కంచంల ఎన్ని దినాలు దినాలె?"

అమ్మమ్మ చీర మొత్తం చంకన పెట్టుకుని ఎగువ రేవుకు పోయింది. మేమంతా వెనకాలే పోయాం. పారే నీళ్ళలో ఆ కొసను చాలాసేపు జాడించింది, వాసన పోయేదాకా. బతుకంతా బట్టలు ఉతికిన మనిషి. బిడ్డ ఏడుపుకు కరగలేదు కానీ, చేజేతులా బట్టను కాల్చేస్తుంటే చూస్తూ కూర్చోలేకపోయిందని నేను చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు అట్లా అనుకోను. బిడ్డ అడిగిన మాటకు ఆమె దగ్గర జవాబు లేదు. బట్టకైతే ఏం చెయ్యాలో తెలుసు.

"కుంకుడు రసం తేపో," అన్నది నాతో. "గోరువెచ్చగ గూడ వద్దు. సల్లటిది."

ఉతికింది. రాతికి కొట్టలేదు, చేత్తోనే నలిపింది. తర్వాత వాగు గట్టున గరిక దట్టంగా ఉన్న చోట చీర పరిచి, అంచుల మీద గుండ్రాళ్ళు పెట్టింది. అంతలో చినుకులు మొదలయ్యాయి. నేను అలవాటు కొద్దీ రాళ్ళు తీసేసి చీర కొస అందుకున్నాను.

"ఏడికురుకుతున్నవే?" అని అమ్మమ్మ గద్దించింది.

"వానొస్తుంది అమ్మమ్మా!"

"రానీ. వాన మన పనే జేస్తది. రెండు దినాల సంది లోపటికి బయటికి తిప్పి తిప్పి సంపిండ్రు. ఎండ లేకున్న మీదున్న మొగులుకు వెలుతురున్నది గాదా? బట్ట తడారొద్దు, మొగులుకు ముఖం పెట్టుండాలె. గంతే."

అవ్వ, చిన్నమ్మ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చినుకు పడితే బట్టలు ఎత్తుకుని పరుగెత్తడం మా ఇంట్లో మాటలకన్నా ముందు వచ్చే విద్య. వాన కిందనే వదిలేయాలని వాళ్ళకు తట్టనే లేదు.

నాకు తల మీదుగా గొంగడి కొప్పెర వేసి చీర పక్కన కూర్చోబెట్టారు, మేకలు తొక్కకుండా. అమ్మమ్మ వచ్చి వచ్చి చీర తిరగేసి పోయేది. అవ్వ కాల్చిన మక్కకంకి తెచ్చి ఇచ్చింది. గొంగడి కింద ఉన్ని వాసన, కంకి వాసన, వాన వాసన. నేను ఆ పసుపు చెయ్యినే చూస్తూ కూర్చున్నాను. చిటికెన వేలు ముందు పోయింది. తర్వాత మిగతా వేళ్ళు ఒక్కొక్కటే పొట్టిగా అవుతూ వచ్చాయి. పొద్దు వాలే వేళకు అరచేయి ఒక్కటే, అదీ తెలిసినవాళ్ళకు కనపడేంత.

ఆ మిగిలినదానికి అమ్మమ్మ నీలిమందు పెట్టింది. గుడ్డలో మూటకట్టిన నీలిని నీళ్ళలో రెండు మూడుసార్లు తిప్పి తీసేసింది. పాలిపోయిన పసుపును నీలి కప్పేస్తుంది. ఎక్కువైతే చీరంతా నీలంగా తేలుతుంది కాబట్టి ముందు ఒక పాతగుడ్డ ముంచి చూసుకుంది. పలచటి గంజి పెట్టి, ఇస్త్రీ పెట్టెలో నిప్పులు పోసి, సగం ఇస్త్రీతోనే ఆరబెట్టింది. చిరిగిన కొస దగ్గర చిన్నమ్మ కూర్చుని కుట్టబోతే, "ఆ కొస బొడ్లె చెక్కుకుంటవ్. ఎవలకు కనపడది, ఫికర్ చెయ్యకు," అన్నది. రెండు రోజుల తర్వాత బిడ్డతో మంచిగా మాట్లాడిన మొదటి మాట అది.

సోమవారం పొద్దున చిన్నమ్మ చీర కట్టుకుంది. బాపు బాయికి పోతూ ఆగి చూసి, ఈసారి ఏ జోకూ వెయ్యకుండా పోయాడు. అమ్మమ్మ పసుపు గిన్నె తీసుకుని వచ్చింది. ఆమె చిన్నమ్మ మెడలో పుస్తెలతాడు బయటికి లాగి, దానికి మాత్రమే పసుపు రాసింది.

"జాకెట్ మెడకాడ పచ్చగైతె?" అన్నది చిన్నమ్మ.

"అయితె నాకియ్యి. ఉతుకుత."

అని చెప్పి, చిన్నమ్మ గడప దాటకముందే తను గుడిసె వెనక్కి పోయి, బాన దగ్గర నిలబడింది. బూడిద ఎత్తుతున్నట్టు వంగింది కానీ అక్కడ ఎత్తడానికి బూడిద లేదు.

సాయంత్రం చిన్నమ్మ వచ్చింది. పెద్ద సిస్టరమ్మ చెంగు పట్టుకుని తిరగేసి చూసి, ఏమీ అనకుండా వార్డులోకి పంపిందట. ఆ రోజు అన్నాల దగ్గర చిన్నమ్మ పుంటికూరతో ఒకసారి తిని, మళ్ళీ పెట్టమని కంచం జరిపింది.

ఆ తర్వాత చాలా ఏళ్ళు అమ్మమ్మే ఆ చీరలు ఉతికింది. రక్తం మరకలు, మందుల మరకలు, ఎన్ని వచ్చినా తీసింది. చీర మీద పసుపు చెయ్యి మాత్రం ఎప్పుడూ మళ్ళీ పెట్టలేదు. పొద్దున చిన్నమ్మ డ్యూటీకి పోయే వేళకు గుడిసె వెనక ఏదో ఒక పని ఉండేది ఆమెకు. తను చనిపోయేదాకా అంతే.

అమ్మమ్మ పోయిన తర్వాత ఆ ఒడ్డున ఎక్కువ రోజులు లేము. బొగ్గు కోసం నేలనంతా పైనుంచి తవ్వే ఓపెన్ కాస్ట్ వచ్చింది. వాగు మళ్ళించారు. గుడిసెలు ఉన్న చోట ఇప్పుడు గొయ్యి. పైన నిలబడి చూస్తే కింద లారీలు అగ్గిపెట్టెల్లా కనపడతాయి. చిన్నమ్మకు కంపెనీ క్వార్టర్ ఇచ్చారు. నాకు పెళ్ళయి లక్సెట్టిపేటకు వచ్చాను.

చిన్నమ్మ నౌకరి ఇంకా కొన్నేళ్ళు ఉందనగా, బొంబాయి నుంచి వచ్చినాయన ఒకడు చెప్పాడు, ఆమె భర్త కిందటి ఎండాకాలంలోనే చనిపోయాడని. అక్కడ అతనికి ఇంకో ఇల్లు ఉందని కూడా చెప్పాడు. దినం ఇక్కడ కూడా చెయ్యాలని పెద్దలు అన్నారు. తల్లిగారి తరఫున మా అవ్వే కాబట్టి చీర తెచ్చే బాధ్యత ఆమెది. అవ్వ సంచి ఒళ్ళో పెట్టుకుని చిన్నమ్మ క్వార్టర్లో కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. చుట్టపు ఆడవాళ్ళు చాప మీద కూర్చున్నారు.

చిన్నమ్మ సెలవు పెట్టలేదు. డ్యూటీ దిగి నేరుగా వచ్చింది, తెల్లచీరలోనే. చెప్పులు విడుస్తూ అందరినీ చూసింది. ఒక ముసలామె, "తల్లిగారు చీర దెచ్చిండ్రా మరి?" అని అడిగింది. అడిగి, ఎదురుగా ఉన్న మనిషి కట్టుకున్నది చూసి, తనే గమ్మున అయిపోయింది.

"జర ఆగుండ్రి," అన్నది చిన్నమ్మ. లోపలికి పోయి స్నానం చేసి, ఎప్పుడూ ఇంట్లో కట్టుకునే చిలకపచ్చ నేతచీర కట్టుకుని వచ్చి కూర్చుంది. ఆడవాళ్ళు చాయ్ తాగి ఒక్కొక్కరే లేచారు.

అందరూ పోయాక అవ్వ సంచి విప్పింది. ఏడుస్తూ, "తేవద్దనుకున్ననే చెల్లే. తేకుంటె నలుగురు ఏమంటరో అని తెచ్చిన," అన్నది.

చిన్నమ్మ ఆ తెల్లచీర తీసుకుని, దీపం కింద విప్పి, రెండు వేళ్ళ మధ్య పోగు నలిపి చూసింది.

"మంచి చీరనే తెచ్చినవక్కా. పోగు గట్టిగున్నది. డ్యూటీకి అక్కరకొస్తది," అన్నది.

వారం తిరగకముందే దాన్ని కట్టుకుని వార్డుకు పోయింది. అది ఎందుకు వచ్చిన చీరో అక్కడ ఎవరికీ తెలియదు. మిగతా చీరలతో పాటే దానికీ మందులు, రక్తాలు అంటుకున్నాయి. వాటితో పాటే ఉతికింది. చివరికి అరిగిపోతే చింపి మసిగుడ్డలు చేసింది.